పాతనగరమున కంఠసర్పి

గ్రీకులు తోలును బట్టి ఒక వ్యాధికి డిఫ్తీరియా యని పేరు పెట్టిరి. మనవారు పామును బట్టి దానినే కంఠసర్పి యన్నారు. రెండును కంటితో చూచి పెట్టిన పేళ్లే. బిడ్డ గొంతులో బూడిదవన్నె పొర యొకటి పుట్టి, తోలువలె గట్టిపడి, పామువలె లోనికి ప్రాకును. మెడ ఉబ్బును, మాట ముక్కుతో వచ్చును, త్రాగించిన పాలు ముక్కునుండి తిరిగి వచ్చును. ఇంతవఱకు చూచిన తల్లికి ఏ శాస్త్రముతోను పనిలేదు. ఆమె బిడ్డను భుజమున వేసికొని మూసీ దాటి నల్లకుంటలోని కోరంటి దవాఖానాకు పరుగిడును.

ఆ దవాఖానాకు నేడు సర్ రోనాల్డ్ రాస్ పేరు కలదు. ప్రజలు మాత్రము కోరంటి యనియే అందురు. క్వారంటైను అను ఇంగ్లీషుమాట మన నాలుకపై నలిగి నలిగి కోరంటి యైనది. శాలిబండలో నైనను, తలాబ్‌కట్టలో నైనను, యాఖుత్‌పురాలో నైనను బిడ్డకు గొంతు పూడుకొని వచ్చినచో ముసలివారి నోట మొదట వెడలు మాట ఇదే. ఒక వ్యాధి ఒక నగరమున ఎంతకాలము కాపురమున్నదో తెలిసికొనవలె నన్నచో, దాని దారి ముసలివారికి ఎంత కంఠస్థమై యున్నదో చూచిన చాలును.

ప్రపంచములో పెక్కు నగరములు కంఠసర్పిని మఱచి చాలకాలమైనది. అచ్చటి వైద్యులలో చాలమంది దానిని పుస్తకములలోనే చూచియున్నారు. మన నగరపు సంగతి అట్లు కాదు. 2003 మొదలు 2006 వఱకు హైదరాబాదులోని కంఠసర్పిని గూర్చి పరిశోధకులు లెక్కలు తీసి, 2008లో ప్రకటించిరి. ఆ పత్రమునకు వారు పెట్టిన శీర్షికలోనే ఈ నగరమున కంఠసర్పి ‘నిలిచియుండుట’ అను మాట యున్నది. పోయి వచ్చిన రోగము కాదు, ఇల్లు కట్టుకొని యున్న రోగమని దాని భావము. 2018లో ప్రపంచమంతట లెక్కకు వచ్చిన కంఠసర్పి రోగులలో సగముమంది భారతదేశమువారే. ఆ ఒక్క యేట మన దేశమునుండి వెళ్లిన లెక్క ఎనిమిదివేలు దాటినది.

ఈ లెక్క ప్రక్కన మఱియొక సంగతి పెట్టి చూడుడు. ఇదే హైదరాబాదు ప్రపంచమునకు టీకామందు తయారుచేసి పంపు నగరము. 1953లో ఇచ్చట స్థాపింపబడిన బయోలాజికల్ ఇ వంటి కర్మాగారములనుండి కంఠసర్పి టీకా సీసాలు సముద్రములు దాటి పోవుచున్నవి. ఆ సీసా చార్మినారు దాటి ఫలక్‌నుమా చేరుటకే దారి కష్టమైనట్లున్నది! కుండలు చేయువాని యింట కుండ కఱవను సామెత మనము పుట్టించినదే గాని, దానిని ఇంత నిక్కముగా ఆచరింప నక్కఱలేదు.

టీకా సంగతి పిదప చెప్పెదము. ముందు విషము సంగతి చెప్పవలసి యున్నది. ఏలయన ఈ వ్యాధిలో చంపునది క్రిమి కాదు, క్రిమి కక్కు విషము. 1888లో పారిసు నగరమున రూ, యెర్సాన్ అను శాస్త్రజ్ఞులు క్రిమి పెరిగిన రసమును వడపోసి, క్రిమి యొక్కటియు లేకుండ చేసి, ఆ రసమునే జంతువుల కెక్కించిరి. జంతువులు కంఠసర్పి రోగివలెనే చచ్చినవి. రెండేండ్లకు, అనగా 1890లో, జర్మనీలో బేరింగును, జపానునుండి వచ్చిన కిటసాటోయును విషమునకు విఱుగుడు రక్తరసముననే పుట్టునని చూపిరి. బేరింగునకు 1901లో వైద్యమునందు మొట్టమొదటి నోబెలు బహుమానము లభించినది. గుఱ్ఱమునకు విషమును కొలతగా ఎక్కించి, దాని రక్తమునుండి తీయు ప్రతివిషమే నేటికిని కంఠసర్పికి ముఖ్యమైన మందు.

ఆ విషము గొంతులో పుట్టును గాని గొంతులో ఆగదు. రక్తముతో గుండెకు పోవును, నరములకు పోవును. జీవకణములలో మాంసకృత్తులు తయారగు పనిని అది నిలిపివేయును. ఒక్క అణువు లోపలికి జొచ్చినను ఒక కణము చచ్చునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ప్రతివిషము రక్తములో తిరుగుచున్న విషమును మాత్రమే పట్టగలదు. కణములోనికి పోయినదానిని అది ముట్టలేదు. గొంతు నయమై ఇంటికి వచ్చిన బిడ్డ కొన్నిదినములకు గుండె యాగి హఠాత్తుగా పోవుటకు కారణమిదియే. కావున కంఠసర్పి వైద్యమున గంటయే ధనము. గొంతు చూచి అనుమానము కలిగిన వైద్యుడు ఏ పరీక్షకొఱకును వేచియుండక ప్రతివిషము ఎక్కింపవలయును. ఈ మాట మొదటనే స్పష్టముగా చెప్పుచున్నాము. ఇక ముందు మేము పరీక్షను గూర్చి చెప్పునది చదివి ఎవరును ఫలితము వచ్చువఱకు మందు ఆపవచ్చునని తలపరాదు.

అట్లయినచో పరీక్ష ఎందులకు? పాములలో నాగుబాము కలదు, నీరుకట్టె కలదు. కంఠసర్పి క్రిములలోను అంతే. విషము కక్కునవి కొన్ని, కక్కనివి కొన్ని. 1951లో ఫ్రీమన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక వింత కనుగొనెను. క్రిమిని పట్టి పీడించు మఱింత సూక్ష్మమైన వైరసు ఒకటి యున్నది. అది సోకిన క్రిమికే విషము తయారుచేయు శక్తి వచ్చును. అనగా పామునకు కోఱలు పుట్టుకతో రావు, ఎవరో పెట్టిపోవుదురు! బిడ్డ గొంతునుండి తీసిన దూదిపుల్లను గాజుపలకపై రాచి, ఆల్బర్టు రంగు వేసి, సూక్ష్మదర్శినితో చూచినచో పచ్చని పుల్లలును, వానికొనల నల్లని చుక్కలును కానవచ్చును. చీనావారి అక్షరములవలె అవి ఒకదానిపై నొకటి పడియుండును. ఈ పరీక్ష గంటలోపల ఐపోవును, చవుకైనది, మంచిదే. కాని అది పామును చూపునుగాని కోఱలను చూపదు. పైగా గొంతులో కాపురముండు నిరపాయమైన క్రిములు కొన్ని ఇదే వేషమున కానవచ్చి కంటిని మోసగించును.

ఒక బిడ్డకు రోగము వచ్చినపుడు ఆ యింట మఱి నలుగురు పిల్లలుందురు, ప్రక్కయింట ఆర్గురుందురు, మదర్సాలోనో బడిలోనో నలువదిమంది యుందురు. వారిలో ఏమియు జబ్బు లేకయే క్రిమిని మోయుచు తిరుగువా రుందురు. వారి గొంతులోని క్రిమికి కోఱలున్నవో లేవో తెలియవలదా? ఎవరికి మందు ఇయ్యవలెను, ఎవరిని కొన్నిదినములు ఇంటనుంచవలెను, ఏ వీధికి ముందు టీకా దళము పోవలెను అనునవి విషపరీక్ష వలన నిశ్చయింపవలసిన సంగతులు. ఈ నిశ్చయము లేనిచో అధికారులు రెండే పనులు చేయగలరు. ఊరక కూర్చుండుట యొకటి. ఊరినంతటిని హడలగొట్టుట మఱొకటి. పాతనగరవాసులు ఈ రెండింటిని చాలసారులు చూచియున్నారు.

పూర్వము ఈ పరీక్షకు రెండు గినీపందులు కావలసియుండెను. ఒకదానికి ముందుగా ప్రతివిషము ఎక్కించి, రెండింటికిని క్రిమిని ఎక్కింతురు. రక్షణలేనిది చచ్చి, రక్షణగలది బ్రతికినచో క్రిమి విషము గలదే యని తీర్పు. తీర్పు వచ్చుటకు దినములు పట్టును, జంతుశాల పోషింపవలెను, జీవహింస సరేసరి.

1948లో లండనులో ఎలెక్ అను వైద్యుడు ఈ పరీక్షను ఒక గాజుపళ్లెములోనికి దించెను. హంగేరీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడినవా డాయన. చేసినది వినుటకు మిక్కిలి చిన్నపని. రక్తరసము కలిపిన అగారు జిగురును పళ్లెమున పోయవలెను. అది గడ్డకట్టకముందే ప్రతివిషమున తడిపిన వడపోతకాగితపు ముక్కను మధ్యగా పఱచవలెను. జిగురు గడ్డకట్టిన పిదప ఆ కాగితమునకు అడ్డముగా, తీగ దూసినట్లు, అనుమానపు క్రిమిని గీతగా పూయవలెను. ప్రక్కనే విషము గలదని ముందే తెలిసిన క్రిమి నొక గీత, లేదని తెలిసినదాని నొక గీత పూయవలెను. అంతట మన దేహముపాటి వెచ్చదనమున, 37 డిగ్రీలలో, ఒకటి రెండు దినములుంచవలెను. కాగితమునుండి ప్రతివిషము జిగురులోనికి ఊరుచు వచ్చును. క్రిమిగీతనుండి విషము ఊరుచు వచ్చును. ఆ రెండును ఎచ్చట సరిసమానముగా కలిసికొనునో అచ్చట తెల్లని సన్నని గీటు తేలును. బాణపుమొన వలె ఏటవాలుగా నుండు ఆ గీటు, తెలిసిన క్రిమి గీటుతో వంపుతిరిగి కలిసిపోయినచో ఇక సందేహము లేదు.

పళ్లెము, జిగురు, కాగితము, ఒక చుక్క ప్రతివిషము, వెచ్చని పెట్టె. ఇంతే సామగ్రి. విషమును కంటికి కనిపించు గీతగా మార్చుటలోనే దాని ఘనత యున్నది. తరువాతివారు దానిని చిన్నపళ్లెమునకు కుదించి, ఒక్కదినములోపలనే చదువునట్లు చేసిరి. 2002లో, కాగితపు పట్టీపై రంగుగీటు తేలునట్టి, కొన్నిగంటలలో ముగియు పరీక్షనుగూడ ప్రకటించిరి. నేడు గర్భపరీక్షకు మందులదుకాణమున అమ్ము పట్టీవంటిదే అది.

అట్టి పట్టీ హైదరాబాదులో తయారగుట కష్టమా? ప్రతివిషము దొరకదందుమా, తెలంగాణముననే విన్స్ బయోప్రొడక్ట్స్ అను సంస్థ గుఱ్ఱముల రక్తరసమునుండి దానిని తయారుచేయుచున్నది. శాస్త్రజ్ఞులు లేరందుమా, తార్నాక చుట్టును పరిశోధనాలయములే. కర్మాగారములు లేవందుమా, వాని సంగతి పైననే చెప్పితిమి. లేనిది ఒక్కటే. ఈ పట్టీ కొనుటకు ధనికదేశములలో రోగులు లేరు. రోగులున్న చోట కొనువారు లేరు. వ్యాపారి లాభము చూచును, అది అతని ధర్మము. కాని ప్రభుత్వము వ్యాపారి కాదు గదా! ఏడాదికి ఇన్ని పట్టీలు కొందుమని అది వ్రాసియిచ్చినచో చేయువారు ఇచ్చటనే యున్నారు.

చవుక పరికరములతో గొప్పపని జరుగదని మనవారికి ఒక భ్రమ కలదు. ఆ భ్రమను పోగొట్టుటకు కోరంటి ద్వారముపైనున్న పేరే చాలును. రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచినపుడు ఆయన సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పుపట్టియుండెను, కంటిబిళ్ల పగిలియుండెను. ఆయన పరదేశి యందురా, కలకత్తాలో మనవాడే యొకడు కలడు. శంభునాథ దే 1959లో కలరా క్రిమి పెరిగిన రసమును వడపోసి, కుందేటి ప్రేగును దారముతో అక్కడక్కడ ముడివేసి, ఆ ముడులనడుమ రసము నెక్కించెను. ప్రేగు నీటితో ఉబ్బినది. కలరా చంపునది విషము చేతనే యని అప్పుడు ఋజువైనది. 1884లోనే కాక్ మహాశయుడు ఆ విషమును ఊహించెను గాని చూపలేకపోయెను. డెబ్బదియైదేండ్లపాటు ప్రపంచమంతయు వెదకినదానిని చూపుటకు దేకు కావలసినవి ఒక కుందేలును, కొంత దారమును! ఆయనకు స్వదేశమున బిరుదులేమియు రాలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు లెడర్‌బర్గు ఆయనను నోబెలు బహుమానమునకు సూచించినను అదియు రాలేదు. 1985లో ఆయన గతించెను. చవుకపరీక్షలు కనుగొనువారిని మనము ఎట్లు గౌరవింతుమో దీనివలన తెలియుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. కోవిడు వచ్చినపుడు జిల్లాజిల్లాకు పి.సి.ఆర్. యంత్రములు తెచ్చితిమి, అవి విషపు జన్యువును కొన్ని గంటలలో పట్టును, ఇక డెబ్బదియేండ్లనాటి కాగితపుముక్క ఎందులకని అడుగువారున్నారు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. యంత్రము వేగమైనదే, దానిని వాడవలసినదే. కాని అది చదువునది విషము తయారుచేయు వ్రాతప్రతిని. వ్రాతప్రతి యున్నను పని జరుగని క్రిములున్నవి. జన్యువుండియు విషము కక్కనివి. ఎలెక్ పళ్లెము చూపునది విషమునే. కావున యంత్రము ముందు జల్లెడ పట్టవలె, పళ్లెము పిదప తీర్పు చెప్పవలె. యంత్రమున్న చోట పళ్లెము వలదనుట, త్రాసు వచ్చినదని గీటురాయిని పాఱవేయుటవంటిది.

మఱియొక ఆక్షేపణ మాకు మేమే చెప్పుకొనవలసినది. ఈ పరీక్ష చవుక గాని సులభము కాదు. రక్తరసము మంచిది కానిచో గీటు రాదు. ప్రతివిషము శుద్ధము కానిచో, లేక పళ్లెమును మఱచి మూడవనాడు చూచినచో, విషమునకు సంబంధింపని గీటులు గూడ తేలి మోసగించును. ఏడాదికి రెండు పరీక్షలు చేయువాని చేయి తప్పును. నెలకు ఇరువది చేయువాని చేయి తప్పదు. కావున వీధివీధి దవాఖానాలో దీనిని పెట్టుడని మేము కోరము. అట్లు కోరుట ఉత్సాహమే గాని వివేకము కాదు. కోరంటిలో నొకటి, నారాయణగూడలోని రోగనివారణ సంస్థలో నొకటి, మూసీకి దక్షిణమున పాతనగరమునకై ఒక్కటి, ఈ మూడును నిత్యము పనిచేయుచు, ఒకరి పళ్లెములను ఒకరు సరిచూచుకొనుచు నుండిన చాలును. వీధిదవాఖానా పని దూదిపుల్ల సరిగా తీయుట, మందు ఎక్కించుటకు ముందే తీయుట, ఆనాడే పంపుట. ఈ మూడింటిలో ఏది తప్పినను ఎంతటి ప్రయోగశాలయైనను ఏమియు చేయలేదు.

పరీక్ష జరిగి, విషము తేలి, మందు లేకున్న నేమగును? 2018 సెప్టెంబరులో ఢిల్లీ నగరము దానిని చూచినది. కసౌలిలోని ప్రభుత్వసంస్థనుండి రావలసిన ప్రతివిషము రాలేదు. ఒక్క ఆసుపత్రిలోనే ఇరువదిమంది పిల్లలు వరుసగా పోయిరి. దేశరాజధానికే ఆ గతి పట్టినపుడు, కోరంటి బీరువాలో నేడు ఎన్ని సీసాలున్నవని అడుగు హక్కు ప్రతి పౌరునికి కలదు. ధాన్యపు నిలువ పత్రికలలో ప్రకటింతురు, చెఱువు నీటిమట్టము ప్రకటింతురు. ప్రతివిషపు నిలువ ప్రకటించుటకు అడ్డమేమి?

ఇక టీకా. పైన చెప్పిన 2008 పత్రమున మఱియొక సంగతి కలదు. దానిని దాచుట తగదు. వ్యాధి అయిదేండ్లనుండి పందొమ్మిదేండ్లవఱకు గలవారిలోను, స్త్రీలలోను, ముసల్మానులలోను ఎక్కువగా కనబడినది. నాలుగుసారులు, అంతకు మించి టీకా పొందినవారిని టీకా కాపాడినది. తరువాతి మోతాదులు పొందినవారు తక్కువ, ముసల్మానులలో మఱియు తక్కువ. ఈ వాక్యమును చదివి తలయూచి, ఒక మతమువారిపై నేరము మోపి, నిద్రపోవువారు మన నగరమున లేకపోలేదు. వారు ఆ వాక్యమును మరల చదువవలెను. వయస్సు చూడుడు, అయిదు మొదలు పందొమ్మిది. చంటిబిడ్డలు కారు. మన టీకాదళములన్నియు ఊయలచుట్టు తిరుగుచున్నవి. ఒకటిన్నర యేట, అయిదవయేట, పదియవయేట, పదునాఱవయేట ఇయ్యవలసిన సూదులు ప్రభుత్వపు పట్టికలో నున్నవి. కాని పదియేండ్ల పిల్ల బడికి పోనిచో, ఇల్లు కదలనిచో, ఆమెవద్దకు పోవువా రెవరు? ఆమె స్త్రీ యగుటయు, ముసల్మాను అగుటయు, బీదయగుటయు ఒక్కచోట చేరినపుడు ప్రభుత్వము ఆమెకు మిక్కిలి దూరమున నున్నదని ఆ పట్టిక చెప్పుచున్నది. క్రిమికి మతము లేదు. అది టీకాలేని గొంతును మాత్రము వెదకును. పాతనగరపు గొంతున నిలిచిన విషము నాలుగుదినములలో సికిందరాబాదునకు గూడ పోగలదు.

కావున టీకాదళమున ఉర్దూ మాటాడు స్త్రీలు ఉండవలెను. మసీదులలో శుక్రవారము నమాజు పిదప ఒక్కమాట చెప్పించవలెను. బోనాలకును, రంజానుకును పోలీసుబందోబస్తునకు ముందే సిద్ధపడు నగరపాలనము, పిల్లల సూదులకు ఆ శ్రద్ధలో పదియవవంతు చూపవచ్చును.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులకు గూడ ఒక పని కలదు. ఒకప్పుడు ఈ నగరమున గ్రంథాలయములు రాత్రిబడులు నడపినవి. నేడు ప్రతి పఠనమందిరపు గోడపై ఒక కాగితము అంటింపవచ్చును. అందు తెలుగునను ఉర్దూలోను ఇంతయే వ్రాయవలెను: పిల్లల సూదుల వయస్సులు, గొంతులో పొర కనబడినచో ఆ గంటలోనే పోవలసిన చోటు, అచ్చటికి పోవు బస్సు సంఖ్య.

శాసనసభలో ఈ నగరమునకు ప్రతినిధులైనవారు రానున్న సమావేశమున మూడుప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాము. గడచిన సంవత్సరమున కోరంటిలో చేరిన కంఠసర్పి రోగులలో ఎందఱి క్రిమికి విషపరీక్ష జరిగినది? ఆ ఫలితము ఎన్నిదినములకు వారి పేటలోని వైద్యునికి చేరినది? నేటి యుదయమున బీరువాలో ప్రతివిషపు సీసాలు ఎన్ని? వచ్చిన సమాధానములను, రాకున్నచో ఆ మౌనమును, ఈ పుటలోనే అచ్చువేసెదము.